నీవంటే నాకు ప్రాణమని ఎప్పుడైనా చెప్పామా?

కుటుంబ ఆరోగ్య పాఠము
చదువవలసిన భాగములు: 2 సమూయేలు 13:38, 14:28-33, 18:33, 1 యోహాను 3:18



మన కోనసీమ మర్యాదకు పేరుపడ్డ సీమ. దారి అడిగిన కొత్త మనిషిని కూడా "ఆయ్, రండి, కూర్చోండి, మంచినీళ్ళు పుచ్చుకుని వెళ్ళండి" అని పిలిచే నోరు మనది. మాట చివర "అండి" చేర్చకుండా చిన్నపిల్లవాడితోనైనా మాట్లాడని పెద్దలు ఇప్పటికీ మన ఊళ్ళలో ఉన్నారు. బయటివారితో ఇంత తీయగా మాట్లాడే మనకు, సొంత ఇంట్లోవారి దగ్గరకు వచ్చేసరికి నోరు పెగలదు. "నువ్వు నా ఇంటికి రావడం నా అదృష్టం" అని భార్యతో అన్న భర్తలు ఎంతమంది? "నాన్నా, మీరంటే నాకు ప్రాణం" అని తండ్రి బతికి ఉండగా ఆయన ముఖం చూసి చెప్పిన కొడుకులు ఎంతమంది? చాలా ఇళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా వినపడకుండానే ఒక తరం వెళ్ళిపోతుంది.

ప్రేమ లేక కాదు. మన ఇళ్ళలో ప్రేమ అన్నం పళ్ళెంలోంచి వస్తుంది. "తిన్నావా?" అన్న ఒక్క ప్రశ్నలో ఎంత ఆపేక్ష ఉందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుండి కొడుకు వస్తున్నాడంటే వాళ్ళమ్మ రెండు రోజుల ముందే కొబ్బరి తురమడం మొదలుపెడుతుంది. అతను తిరిగి బస్సెక్కేటప్పుడు సంచిలో ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు, నాలుగు కొబ్బరికాయలు ఉంటాయి. సంచి బరువుకు అతను విసుక్కుంటాడు గాని ఆ బరువు ఏమిటో అతనికీ తెలుసు. ఇది మంచి భాషే. దీన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ భాష ఒక్కటే వచ్చినవారికి కొన్ని రోజుల్లో మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఆసుపత్రిలో పనిచేసే మేము ఆ రోజులను దగ్గరగా చూస్తుంటాము.

అన్నం పెట్టకూడని రోజు

ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉంచమని డాక్టరుగారు, సిస్టరుగారు చెబుతారు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఆహారం ఉంటే అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఇంటివారికి వివరంగానే చెబుతాము. అయినా తెల్లవారుజామున ఎవరో ఒకరు ఫ్లాస్కు మూత తీస్తారు. "పాపం రాత్రి నుండి ఏమీ తినలేదండి, రెండు గుక్కల కాఫీయేగా" అంటారు. ఆ రెండు గుక్కలు బయటపడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. బయటపడకపోతే ఇంకా ప్రమాదం.

కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయమూ ఇంతే. మన సీమలో రోగిని చూడడానికి వచ్చేవారు కొబ్బరిబొండాలు తెస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారికి అది చక్కని పానీయం. కాని ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్ళలో ఇంచుమించు ఒక అరటిపండులో ఉన్నంత పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారి ఒంట్లోంచి ఆ పొటాషియం బయటకు పోదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. డయాలిసిస్ మీద ఉన్న మేనమామకు ప్రేమతో బొండాం కొట్టి ఇచ్చిన మేనల్లుడికి ఈ సంగతి తెలియదు. పక్షవాతం వచ్చినవారికి మింగడం సరిగా రాని రోజుల్లో నోట్లో చెంచాతో జావ పోయడమూ ఇలాంటిదే. అది పొలమారి న్యుమోనియాకు దారితీస్తుంది.

కోప్పడితే ఈ అలవాటు పోదు. మంచం పక్కన కూర్చున్న ఆ మనిషి ఏదో ఒకటి చేయాలి. పెట్టడం వద్దన్నారు, ఇంకేం చేయాలో అతనికి తెలియదు. మేము చెప్పేది ఇది. ఫ్లాస్కు పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని, "నేను ఇక్కడే ఉన్నాను మావయ్యా, ఎక్కడికీ వెళ్ళను. నువ్వు నాకు కావాలి" అని అనండి. ఆ మాటకు ఏ పథ్యమూ అడ్డం రాదు.

ఎందుకు నోరు రాదు?

సిగ్గు ఒక కారణం. "ప్రేమ" అన్న మాటను సినిమాలు కుర్రకారుకు వదిలేశాయి. యాభై ఏళ్ళ మనిషి భార్యతో ఆ మాట అంటే పక్కింటివారు నవ్వుతారని భయం. పెద్దల ఎదుట భార్యాభర్తలు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోని ఇళ్ళలో పెరిగినవాళ్ళం, "ఏమండీ", "ఏమేవ్" లతోనే జీవితం గడిచిపోతుంది.

దిష్టి భయం ఇంకొక కారణం. ఇది సంఘాలలో ఉన్న కుటుంబాలనూ వదలలేదని చెప్పక తప్పదు. బిడ్డ అందంగా ఉందని, బాగా చదువుతున్నాడని పైకి అంటే ఏదో అవుతుందని భయపడతాం. పొగిడితే చెడిపోతాడన్నది దీనికి తోడు. అందుకని పదో తరగతిలో 540 మార్కులు తెచ్చుకున్న పిల్లను "ఆ మిగతా అరవై ఏమయ్యాయి?" అని అడుగుతాం. లోపల పొంగిపోతూనే అడుగుతాం. ఆ పొంగు ఆ పిల్లకు కనపడదు, దానికి వినపడింది అరవై మాత్రమే.

స్నేహితుల మధ్య అయితే తిట్లే ఆప్యాయత. "ఏరా, బతికే ఉన్నావా?" అన్న మాటలో నెలరోజుల బెంగ ఉంటుంది. అది వారిద్దరికీ అర్థమవుతుంది కాబట్టి దానికి మేము అభ్యంతరం చెప్పము. అయితే స్నేహితుడు నిజంగా జబ్బుపడి పడుకున్నప్పుడు ఆ తిట్టు నోటికి రాదు. వేరే మాట అలవాటు లేదు. అందుకే చాలామంది మగవాళ్ళు వార్డు గుమ్మం దగ్గర నిలబడి, ఫ్యాను వంక చూసి, "డాక్టరేమన్నారు?" అని అడిగి వెళ్ళిపోతారు.

దావీదు ఆలస్యంగా అన్న మాట

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథము తెరిచి 2 సమూయేలు 13, 14 అధ్యాయములు చూద్దాము. అబ్షాలోము తన అన్నను చంపించి గెషూరుకు పారిపోయాడు. అక్కడ మూడేళ్ళు ఉన్నాడు. ఆ కొడుకు మీద తండ్రి మనస్సు ఉన్నదని యోవాబు కనిపెట్టాడు. అంటే సేనాధిపతికి కూడా కనబడేంత ప్రేమ దావీదు ముఖంలో ఉంది. కొడుకును యెరూషలేముకు రప్పించారు. కాని తన ముఖము చూడకూడదని రాజు ఆజ్ఞ. ఒకే పట్టణంలో రెండు నిండు సంవత్సరములు తండ్రి ఒక ఇంట్లో, కొడుకు ఒక ఇంట్లో ఉండిపోయారు. చివరకు యోవాబును రప్పించడానికి అబ్షాలోము అతని యవల చేనికి నిప్పు పెట్టించవలసి వచ్చింది. ఆ తరువాతే తండ్రి ముందుకు వెళ్ళగలిగాడు. 14వ అధ్యాయము చివరి వచనంలో కొడుకు సాష్టాంగపడ్డాడని, రాజు ముద్దుపెట్టుకున్నాడని ఉంది. ఒక్క మాట ఆడినట్టు అక్కడ వ్రాయబడలేదు. గద్దింపు లేదు, క్షమాపణ లేదు, "నా కుమారుడా" అన్న పిలుపు లేదు. తరువాతి అధ్యాయములోనే తిరుగుబాటు మొదలవుతుంది.

ఆ పిలుపు 18వ అధ్యాయము 33వ వచనములో వస్తుంది. కొడుకు చనిపోయాడన్న కబురు విని దావీదు గుమ్మముపైని గదికి ఎక్కిపోతూ ఏడ్చాడు. ఆ ఒక్క వచనములోనే "నా కుమారుడా" అన్న పిలుపు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి, అయిదుసార్లు కనబడుతుంది. కొడుకు బదులు తానే చనిపోయి ఉంటే బాగుండునన్నాడు. వినవలసిన చెవి అప్పటికి లేదు. దావీదు ఆ మాట ముందే అని ఉంటే తిరుగుబాటు జరిగేది కాదని మేము అనము, అబ్షాలోము పాపము అబ్షాలోముదే. కాని అయిదేళ్ళు గుండెలో దాచుకున్న మాట ఎవరికీ ఉపయోగపడలేదన్నది ఆ వచనంలోనే ఉంది.

మన దగ్గరా ఇది కొత్త కాదు. ఆదరణ కూడికకు వెళ్ళినవారందరూ చూసే ఉంటారు. పందిరి కింద ఫొటోకు దండ వేసి ఉంటుంది. కొడుకు మైకు పట్టుకుని, అమ్మ ఇళ్ళలో పాచిపనులు చేసి తనను చదివించిందని, ఆమె లాంటి తల్లి ఎవరికీ ఉండదని వెక్కివెక్కి ఏడుస్తూ చెబుతాడు. వచ్చినవారందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఆ మాట వినవలసిన ఆమె మాత్రం ముందు వరుసలో లేదు.

క్రియతో ప్రేమించమని కదా వాక్యము?

ఈ పాఠం చెప్పిన చోటల్లా ఎవరో ఒక పెద్దాయన లేచి 1 యోహాను 3:18 చూపిస్తారు. ప్రేమ నాలుక మీద కాదు, పనిలో కనబడాలని కదా అపొస్తలుడు చెప్పినది అంటారు. మంచి ప్రశ్న. ఆకలితో ఉన్నవాడికి ఏమీ ఇవ్వకుండా ఉత్త మాటలు చెప్పేవారిని గూర్చి యోహాను ఆ మాట వ్రాశాడు, పై వచనము చదివితే తెలుస్తుంది. తాగి వచ్చి రాత్రి కొట్టి, తెల్లవారి "నువ్వంటే నాకు ప్రాణమే" అనే భర్త మాటకు ఆ వచనమే జవాబు. అటువంటి ఇంట్లో ముందు ఆగవలసినది చెయ్యి.

కాని ఆ వచనము ఎలా మొదలవుతుందో చూడండి. "చిన్నపిల్లలారా" అని మొదలవుతుంది. ఆ చిన్న పత్రిక అంతటా ముసలి యోహాను తన సంఘమును "చిన్నపిల్లలారా", "ప్రియులారా" అని పిలుస్తూనే ఉన్నాడు. క్రియ కావాలని చెప్పినవాడే మాటను మానలేదు. పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయములో తన స్నేహితులను పేరుపేరునా తలచుకుని, కొందరిని ప్రియులని వ్రాయించి పంపాడు. ఆ ఉత్తరం అందరి ముందు చదువుతారని ఆయనకు తెలుసు. ఆయన సిగ్గుపడలేదు.

కువైట్ నుండి ఫోను

చేతితో ప్రేమ చూపించే వీలు లేని కుటుంబాలు మన కోనసీమలో చాలా ఉన్నాయి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, అమలాపురం చుట్టుపక్కల గ్రామాల నుండి కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎందరో. ఇసిఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. అంటే వెళ్ళేవారిలో చాలామంది అప్పటికే బడికి వెళ్ళే పిల్లల తల్లులు. ఆ పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో పెరుగుతారు. వేరేవారి బిడ్డకు అన్నం తినిపిస్తూ తన బిడ్డ తిన్నాడో లేదో ఫోనులో అడగవలసిన స్థితి ఆ తల్లిది.

ఆ ఫోనులో ఏం మాట్లాడుకుంటున్నారో ఒకసారి గమనించండి. డబ్బు అందిందా, ఫీజు కట్టారా, అప్పు ఎంత తీరింది, ఇంటి గోడ ఎంతవరకు లేచింది. అయిపోయాక "చదువుకో, అమ్మమ్మ మాట విను" అని పెట్టేస్తారు. అవన్నీ మాట్లాడుకోవలసినవే. కాని పిల్లవాడికి అమ్మ అంటే లెక్కలు అడిగే గొంతుగా మిగిలిపోతుంది.

ఈ విషయంలో ఉపయోగపడే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 2010లో ప్రచురించారు. 7 నుండి 12 ఏళ్ళ వయసున్న 61 మంది ఆడపిల్లలను కొత్తవారి ముందు నిలబెట్టి ఉపన్యాసం చెప్పించి, లెక్కలు చేయించారు. పిల్లలు బాగా కంగారుపడ్డారు. తరువాత కొందరి దగ్గరకు తల్లి వచ్చి కౌగిలించుకుని ఓదార్చింది, కొందరితో తల్లి ఫోనులో మాత్రమే మాట్లాడింది, మిగిలినవారు సినిమా చూశారు. కంగారు వల్ల ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను తల్లి ఓదార్చిన పిల్లలలో త్వరగా తగ్గింది. ఆప్యాయతకు సంబంధించిన ఆక్సిటోసిన్ పెరిగింది. ఫోనులో విన్నవారిలోనూ ఇంచుమించు దగ్గరకు తీసుకున్నంత ఫలితమే కనబడింది. అదే బృందం 2012లో మరొక సంగతి ప్రచురించింది. తల్లి గొంతు వినకుండా, కంప్యూటరులో టైపు చేసిన సందేశాలు మాత్రమే అందుకున్న పిల్లలలో ఆ మార్పు రాలేదు. చిన్న అధ్యయనాలే, అమెరికా పిల్లలే. అయినా వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పంపి ఊరుకునే మనందరం ఆలోచించవలసిన సంగతి. బిడ్డకు కావలసినది అమ్మ గొంతు.

అందుచేత కువైట్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళకు, ఇక్కడ ఫోను ఎత్తే పెద్దలకు మా మనవి. మొదటి మాట డబ్బు గురించి కాకుండా చూసుకోండి. "బంగారు తల్లీ, పొద్దున్నుంచి నీ గొంతు కోసమే చూస్తున్నాను" అని మొదలుపెట్టండి. ఇక్కడ ఉన్న అమ్మమ్మ, "మీ అమ్మ నీకోసమే అంత దూరం వెళ్ళింది రా" అని బిడ్డకు చెబుతూ ఉండాలి. ఆ మాటను "నీకోసం ఇంత కష్టపడుతుంటే నువ్వు చదవవేం" అనే దెబ్బగా మార్చవద్దు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మన రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ ఏడు, ఆమె వంటింట్లో ఉండే వేళ. ఏ వేళకు ఆమెకు అయిదు నిమిషాలు తీరిక దొరుకుతుందో ముందే అడిగి, ఆ వేళకు బిడ్డను నిద్రపోనివ్వకుండా ఉంచండి.

బిడ్డ చాలా రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా, తినకుండా, చచ్చిపోతానని అంటూ ఉంటే అది మాటలతో మాత్రమే తీరేది కాదు. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జవాబు చెప్పలేని రోగితో

2020, 2021 కరోనా రోజుల్లో చాలా ఆసుపత్రులలో ఇంటివారిని లోపలికి రానివ్వలేదు. సెల్‌ఫోను రోగి చెవి దగ్గర పెట్టి సిస్టర్లు మాట్లాడించారు. ఏమీ తేలేని, ఏమీ పెట్టలేని ఆ స్థితిలో ఎన్నడూ నోరు విప్పని కుటుంబాలు కూడా నోరు విప్పాయి. ఆ అలవాటు ఆ రోజులతో పోకూడదని మా కోరిక.

పక్షవాతంలో మాట పడిపోయినవారిలో చాలామందికి ఎదుటివారి మాట ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది. వారి మంచం పక్కన నిలబడి, వారు లేనట్టుగా, "ఇంక లాభం లేదంటండీ" అని మాట్లాడుకోవడం క్రూరత్వం. చిన్న మాటలతో, నెమ్మదిగా, ముఖం చూసి మాట్లాడండి. జవాబు కోసం చేతిని నొక్కమనండి.

చివరి గడియల్లో ఉన్నవారి సంగతి. కెనడాలోని వాంకూవర్ నగరంలో మరణానికి దగ్గరైన రోగుల మెదడు తరంగాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. స్పృహలో లేనివారిలో కూడా కొందరి మెదళ్ళు శబ్దాలకు స్పందించాయి. మాట అర్థమైందో లేదో ఆ పరీక్ష చెప్పదు. కాని చెవి మూసుకుపోయిందని మనం తీర్మానించుకోనక్కరలేదు. అందుకే ఆ మంచం దగ్గర ఆస్తి తగాదాలు వద్దు, మాట్లాడవలసిన మాటలు మాట్లాడండి. మరణానికి చేరువైనవారి సేవలో చాలాకాలం గడిపిన అమెరికా డాక్టరు ఐరా బయాక్ 2004లో వ్రాసిన పుస్తకంలో నాలుగు విషయాలు చెప్పుకోమంటారు. క్షమించమని అడగడం, క్షమించానని చెప్పడం, కృతజ్ఞత చెప్పడం, ప్రేమిస్తున్నానని చెప్పడం. మన విశ్వాసులకు ఇవి కొత్తవి కావు, ప్రతి బల్లారాధనకు ముందు మొదటి రెండూ వింటూనే ఉంటాం.

మన మాటల్లోనే

ఇంగ్లీషులో చెప్పనక్కరలేదు. కొడుకును "నాన్నా" అని, కూతురిని "అమ్మా", "తల్లీ" అని పిలిచే భాష మనది. కన్నవారిని పిలిచే పిలుపునే బిడ్డలకు ఇచ్చాం. ఆ పిలుపుకు ఒక్క వాక్యం జతచేస్తే చాలు. అత్తగారు కోడలితో, "నువ్వొచ్చాక ఈ ఇంట్లో నాకు దిగులు లేదమ్మా" అనవచ్చు. తమ్ముడు అన్నతో, "నాన్న పోయాక నువ్వే నాన్నవయ్యావురా అన్నయ్యా" అనవచ్చు. నోరు అసలు పెగలనివారు చీటీ మీద వ్రాసి క్యారేజీ గిన్నె మీద పెట్టండి, అదీ పనికొస్తుంది. మొదటిసారి విన్నవారు, "ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?" అని అడగవచ్చు. కంగారుపడకండి. రెండోసారికి నవ్వుతారు.

ఏదైనా ఒక్క పని పేరు చెప్పి అనడం మంచిది. "నువ్వు మంచిదానివి" అన్నదానికంటే, "నేను మంచంలో ఉన్న మూడు నెలలూ నువ్వు ఒక్కనాడు కూడా విసుక్కోలేదు" అన్నది లోపలికి దిగుతుంది. సామెతలు 31వ అధ్యాయములో గుణవతియైన భార్యను గూర్చి ఆమె చేసిన పనులన్నీ వరుసగా చెప్పిన తరువాతే పిల్లలు, భర్త ఆమెను పొగిడినట్టు ఉంది. అక్కడ ఆమె బతికే ఉంది, వింటూ ఉంది.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

ఈ వారం 2 సమూయేలు 14వ అధ్యాయము ఇంటిల్లిపాది కలిసి చదవండి. దావీదు కొడుకును ముద్దుపెట్టుకున్న ఆ చివరి వచనములో మీరు దావీదు అయితే ఏమని ఉండేవారు? పిల్లలను ముందు చెప్పనివ్వండి, పెద్దలు తరువాత చెప్పండి. ఒకే ఊరిలో ఉండి ముఖం చూసుకోని మనిషి మీకు ఎవరైనా ఉన్నారా? దూరదేశంలో ఉన్నవారు ఉంటే ఈ భాగము చదివేటప్పుడు ఫోను కలిపి మధ్యలో పెట్టుకోండి, వారి వంతు కూడా రానివ్వండి.